ఆలూరు నుంచి వాపసు వచ్చిన పళ్లెం

బయల్దేరే ముందు

చేవెళ్ల, మొయినాబాద్ చూసి రమ్మని ఎవరూ ఎవరికీ చెప్పరు. హైదరాబాద్ వెళ్లినవాళ్లు చార్మినార్ చూస్తారు, కాస్త భక్తి ఉంటే మొయినాబాద్ పక్కన వీసాలిప్పించే దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చేస్తారు. నేను మాత్రం ఉద్యోగం ఇస్తాం తీసుకోమని బతిమాలడానికి వెళ్లాను. ఉద్యోగం కోసం జనం తిరగడం చూశాను గానీ, ఉద్యోగం చేత్తో పట్టుకుని జనం కోసం తిరగడం నా సర్వీసులో ఇదే మొదలు.

మాది గోదావరి జిల్లాలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ. అందులో బయోమెటీరియల్స్, రీజెనరేటివ్ మెడిసిన్ అనే విభాగానికి నేను హెడ్డుని. పేరు పెద్దది, జనం తక్కువ. మీరు చేసే పనేమిటని మా ఆవిడ తరఫు చుట్టాలు అడిగితే ఇలా చెబుతుంటాను: ఒంట్లో పెట్టినా ఒళ్లు వద్దనని వస్తువులు తయారుచెయ్యడం సగం, కాలిన చర్మాన్నీ విరిగిన ఎముకనీ మళ్లీ పెరిగేలా చెయ్యడం సగం. వాళ్లు శ్రద్ధగా విని, "అయితే మోకాళ్ల నొప్పులకి ఏమైనా ఉందా?" అంటారు. ఉంది, కానీ ప్రస్తుతానికి ఎలకల మోకాళ్లకే.

ఆ విభాగంలో ఇప్పుడు నేనొక్కణ్ణే. కొత్త క్లాసులు మొదలయ్యేలోగా రెండో మనిషి చేరకపోతే కోర్సు ఎత్తేసి, ల్యాబ్ గదులు మేనేజ్‌మెంట్ కోర్సువాళ్లకి ఇచ్చేస్తామని మా ఛైర్మన్‌గారు చెప్పేశారు. ఇంటర్వ్యూలు అయ్యాయి. మొదటి ర్యాంకు డాక్టర్ స్వరూపది. ఊరు చేవెళ్ల మండలం ఆలూరు. పట్టుదారంలో ఉండే ప్రొటీన్ మీద చర్మకణాల్ని పెంచి, కాలిన గాయాల మీద పరిచే పొరలు తయారుచెయ్యడం ఆమె పని. ఇంటర్వ్యూలో ఆమె చూపించిన ఫొటోలు చూసి, ప్రశ్నలు వెయ్యాల్సిన వాళ్లం నోట్సు రాసుకున్నాం. రెండో ర్యాంకు డాక్టర్ కిరణ్‌ది, ఇల్లు మొయినాబాద్. స్వరూపకి ఆర్డరు పంపితే చేరలేదు, ఫోను ఎత్తదు. కిరణ్ ఫోను ఎత్తుతాడు, "ఆలోచిస్తున్నాను సార్" అంటాడు.

"ఇద్దరిదీ ఒకటే దారి. వెళ్లి ఎవరో ఒకర్ని ఒప్పించుకు రండి," అన్నారు ఛైర్మన్‌గారు. ఆయనకి రైసుమిల్లులు కూడా ఉన్నాయి, అన్నిటినీ ఒకేలా చూస్తారు. నాకు తోడుగా డిప్యూటీ రిజిస్ట్రార్ సుభద్రగారిని పంపారు. నియామకాల ఫైళ్లన్నీ ఆవిడవే. పులిహోర డబ్బా లేకుండా రైలెక్కని మనిషి.

మొయినాబాద్

లింగంపల్లిలో దిగి కారు కిరాయికి మాట్లాడుకున్నాం. డ్రైవరు యాదయ్యది చేవెళ్ల. దారిపొడుగునా కుడిపక్క భూమి ఎకరం ఎంతో, ఎడంపక్కది ఎంతో, అది ఎవరు ఎప్పుడు అమ్ముకుని ఏడ్చారో చెబుతూ నడిపాడు. మా వైపు డ్రైవర్లు సినిమాల గురించి మాట్లాడతారు. ఇక్కడ సినిమా అంతా భూమిలోనే ఉంది.

కిరణ్ వాళ్లది గేటు ఉన్న విల్లాల కాలనీ. గేటు దగ్గర మా ఫోటో తీశారు, ఫోన్ నంబరు రాయించుకున్నారు, ఓటీపీ అడిగారు. మా యూనివర్సిటీలోకి ఎవరైనా, ఏ జంతువైనా నేరుగా రావచ్చు. కిరణ్ అమ్మగారిది తెనాలి. పిల్లవాడు పుట్టకముందే భర్త ఉద్యోగం కోసం ఇటు వచ్చేశారట. "మీదే ఊరు?" అని అడిగి, చెప్పగానే "అయితే మనవాళ్లే" అన్నారు. ఏ ఊరు చెప్పినా అదే అనేవారని నా అనుమానం.

భోజనంలో గోంగూర పెట్టారు. "ఇక్కడి గోంగూరకి పులుపు ఉండదండీ," అన్నారావిడ. బాగానే ఉందని అన్నాను. "ఏం బాగు, వచ్చిన్నాటినుంచీ ఇంతే," అని ఇంకో గరిటె వేశారు. అన్నేళ్లుగా పులుపు లేదనుకుంటూనే తింటున్నారన్నమాట.

కిరణ్ మంచి కుర్రాడు. ఎముకల్లో పోసే సిమెంటు మీద పనిచేశాడు. భార్య సాఫ్ట్‌వేర్, పాపకి బడి ఇక్కడే. వారానికి రెండు రోజులు వస్తానని, మిగతా రోజులు ఇంటి నుంచి చేస్తానని మర్యాదగా చెప్పాడు.

"పాఠాలు సరే. కణాలకి రోజు విడిచి రోజు ఆహారం మార్చాలి కదా నాయనా?"

"ఇంక్యుబేటర్‌లో కెమెరా పెట్టించండి సార్, ఇక్కణ్ణుంచి చూస్తుంటాను."

"చూస్తుంటే బతుకుతాయా?"

అతను కాసేపు నిజంగానే ఆలోచించాడు. తరవాత వాళ్ల అమ్మగారు సుభద్రగారికి మాగాయ సీసా ఇచ్చారు. దాంతో ఆ ఇంటర్వ్యూ ముగిసింది.

కారెక్కాక యాదయ్య అడిగాడు, "ఏమాయె సార్, కుదర్లేదా?"

"లేదయ్యా. అబ్బాయి మంచివాడే, ఇల్లు కదలనంటున్నాడు."

"ఇల్లు కదలనోడు మనకెందుకు సార్, ఇడ్సిపెట్టుండ్రి," అన్నాడు యాదయ్య. మా విభాగం మీద అతనికి అంత పట్టింపు ఉండటం నాకు నచ్చింది.

చేవెళ్ల

చేవెళ్లలో చాయ్ పది రూపాయలు. మా వైపు టీ తాగి కప్పు పెట్టేసి పోతాం. ఇక్కడ చాయ్ తాగడం అంటే కూర్చోవడం, కూర్చోవడం అంటే మాట్లాడటం. అందుకని ఆ సాయంత్రం యాదయ్యని కూర్చోబెట్టి స్వరూప గురించి అడిగాం. కొత్త మనిషిని తీసుకునే ముందు నాలుగు చోట్ల వాకబు చెయ్యడం మా ఆఫీసు పద్ధతే.

సుభద్రగారు వరసగా అడిగారు. ఆలూరులో నర్సింలుగారి కుటుంబం ఎలాంటిది? అమ్మాయి స్వభావం ఎలాంటిది? నలుగురితో కలిసి ఉంటుందా? అంత దూరం పంపడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారా?

యాదయ్య మరదల్ని ఇచ్చింది ఆలూరే. అక్కడికక్కడే ఫోను చేసి కనుక్కున్నాడు. "టమాట, క్యారెట్ పెడ్తరు సార్. ఎవ్వరి జోలికి పోరు. పిల్ల చాన చదివింది. జర కోపమెక్కువంట గని, మనసు మంచిదంట. పొద్దుగాల వస్తమని చెప్పిన. ఇంగ మీరు ఫికర్ జెయ్యకుండ్రి."

ఇంత తొందరగా, ఇంత సూటిగా వచ్చిన రిఫరెన్సు నా సర్వీసులో లేదు. ప్రొఫెసర్లు రాసే రిఫరెన్సుల్లో కోపం సంగతి ఎవరూ రాయరు.

పొద్దున్నే మార్కెట్ చూశాం. కడిగిన క్యారెట్ గుట్టలు, టమాటా ట్రేలు, వాటి పక్కనే పూలు. చుట్టుపక్కల ఊళ్లలో పూలతోటలు ఎక్కువట, చామంతి మా వైపుకంటే చాలా చవక. మొదటిసారి ఒకరింటికి వెళ్తూ చేతులూపుకుంటూ పోవడం మా గోదావరి వాళ్లకి ప్రాణం పోయినా చేతకాదు. సుభద్రగారు బత్తాయిలు, యాపిల్స్, అరటిపళ్లు తీసుకున్నారు. చామంతులు ముచ్చటగా ఉన్నాయని అవీ తీసుకున్నారు.

"ఆడపిల్లోళ్ల ఇంటికా అమ్మా?" అంది పూలావిడ.

"అవునమ్మా."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. పక్క కొట్టు నుంచి కొత్త స్టీలు పళ్లెం తెప్పించి, పళ్లు పేర్చి, మధ్యలో కొబ్బరికాయ పెట్టి, చుట్టూ పూలు సర్ది, తమలపాకులూ కుంకుమ పొట్లమూ పెట్టి, పైన ఎర్రటి జాకెట్ గుడ్డ కప్పింది. మేము అడగనివన్నీ కొసరు కింద వేసింది. ఎంత బాగా ప్యాక్ చేసిందో అనుకుంటూ కారెక్కాం. యాదయ్య అద్దంలో పళ్లెం చూసి, ఆ రోజు మొదటిసారి బండి మెల్లగా నడిపాడు.

ఆలూరు

నర్సింలుగారి ఇంటి ముందు షామియానా లేదుగానీ, అది తప్ప అన్నీ ఉన్నాయి. నీళ్లు చల్లిన వాకిలి, కిరాయి కుర్చీలు, ఇస్త్రీ బట్టల్లో ఓ పాతికమంది. ఉద్యోగం ఇస్తామని వచ్చేవాళ్లని ఇంత గౌరవించే ఊరు ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

నర్సింలుగారు సన్నటి మనిషి, తక్కువ మాట్లాడతారు. మాట్లాడే పని ఆయన అన్న అంజయ్యగారిది. స్వరూప తల్లి సత్తెమ్మగారు ఎదురొచ్చి పళ్లెం అందుకున్నారు. లోపలికి తీసుకుపోలేదు. అరుగు మీద స్టూలు వేసి దానిమీద పెట్టారు. అందరూ దాన్నే చూస్తున్నారు.

"బిడ్డ ఇంట్ల లేదు సారు. శంకర్‌పల్లి కాడ కంపెనీల జేస్తది. ఫోన్ జేసినం, వస్తున్నది," అన్నారు అంజయ్యగారు. చాయ్ వచ్చింది. సుభద్రగారిని ఆడవాళ్లంతా ఆపాదమస్తకం చూశారు. ఆవిడ గాజుల్ని ఒకావిడ చేతిలోకి తీసుకుని మరీ చూసింది. ఇక్కడి జనం కలుపుగోలు అనుకున్నాం.

అప్పుడు స్కూటీ మీద స్వరూప వచ్చింది. హెల్మెట్ తియ్యకుండానే కుర్చీల్ని చూసింది, చుట్టాల్ని చూసింది, స్టూలు మీద పళ్లెం చూసింది. మొహం ఎర్రబడింది. యాదయ్య మరదలు చెప్పిన కోపం ఇదేనన్నమాట. తరవాత మమ్మల్ని చూసింది.

"సర్, మీరా? మేడం, మీరు గూడనా?" అని తండ్రి వైపు తిరిగింది. "బాపూ, వీళ్లు సంబంధపోళ్లు గాదే. యూనివర్సిటోళ్లు. నాకు ఉద్యోగం ఇస్తమన్నోళ్లు."

ఇక్కడ సంబంధం ఖాయం చేసుకోవడానికి మగపిల్లవాడివాళ్లు తెచ్చేవి సరిగ్గా అవేనట: పూలు, పండ్లు, పళ్లెం, పైన గుడ్డ. ఆడపిల్లవాళ్లు దాన్ని లోపలికి తీసుకుంటే మాట కుదిరినట్టు. మేము ముందురోజు చాయ్ దగ్గర వాకబు చేసి, మర్నాడు పళ్లెంతో దిగాం. ఒక్క పెళ్లికొడుకు తప్ప అన్నీ తెచ్చాం.

నేను యాదయ్య వైపు చూశాను. అతను కారు తుడవడం మొదలుపెట్టాడు. "మీకో కొడుకు, ఓ బిడ్డ ఉన్నరనుకున్న సార్," అన్నాడు తుడుస్తూనే. "నిన్నటి పిలగాడు బిడ్డకు, ఇయ్యాల్టి పిల్ల కొడుక్కు."

నేను లేచి క్షమాపణ చెప్పబోయాను. అంజయ్యగారు చెయ్యెత్తి ఆపారు.

"కూసోండ్రి సారు. కొలువైతే ఏంది? పిల్లను మా ఇంట్లకెంచి తీస్కపోతమనే గద వచ్చిండ్రు. పెద్దమనుషులం అందరం కూడనే కూడినం. అడిగేటియి అడుగుతం."

అడిగారు. మా ఇంటర్వ్యూ కమిటీ స్వరూపని అన్ని ప్రశ్నలు అడగలేదు. మీ యజమాని ఎవరు? ఏం చేస్తారు? మాట మీద నిలబడే మనిషేనా? ఆడపిల్ల ఒంటరిగా ఉంటే ఇల్లు ఎక్కడ? దవాఖాన ఎంత దూరం? అన్నిటికీ చెప్పాను. చెప్పుకోదగ్గవే గనక గొంతు కూడా పెంచాను.

"ఇంతకు ముంగట ఈ కొలువు జేసినోళ్లు ఉన్నరా?"

"ముగ్గురు చేశారండీ."

"ఏడున్నరు ఇప్పుడు?"

ఒకాయన బెంగళూరులో. ఒకమ్మాయి స్వీడన్‌లో. మూడో ఆయన పరీక్ష రాసి బ్యాంకులో చేరాడు.

"ఒక్కలు గూడ నిలువలే," అన్నారు అంజయ్యగారు, నాతో కాదు, వాకిలితో. పాతికమందీ తలలూపారు. ముగ్గురు కోడళ్లు పారిపోయిన ఇంటి అత్తగారికి ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

"స్వరూపా, నువ్వెందుకు చేరలేదమ్మా? కనీసం ఫోనైనా ఎత్తలేదు," అన్నారు సుభద్రగారు.

స్వరూప అరుగు అంచున కూర్చుంది. "ఎత్తితే మీరు మంచిగ మాట్లాడ్తరు మేడం, నేను ఒప్పుకుంట. అందుకే ఎత్తలే. మీ ఆర్డర్‌ల పదకొండు నెలల కాంట్రాక్ట్ అని ఉన్నది. నేను ఇంతకుముందు రెండు కాలేజీలల్ల గట్లనే చేసిన. కాంట్రాక్ట్ అయిపోంగనె ఒక రోజు బ్రేక్ ఇస్తరు. ఆ రోజు మనం ఆడ పనిచేసినట్టు గాదు, ల్యాబ్‌ల అడుగు పెట్టొద్దు. మల్ల కొత్త ఆర్డర్ ఇస్తరు. ఒకసారి ఆ కొత్త ఆర్డర్ మీద సంతకం గాలే. సంతకం పెట్టే సార్ ఊర్ల లేడన్నరు. రోజూ గేటు కాడికి పోయిన. వాచ్‌మన్ లోపలికి పోనియ్యలే, ఆయన తప్పేమున్నది. కణాలకు ఆ సంగతి ఎట్ల తెలుస్తది సర్? వాటికి ఆకలైతది. సంతకమైనంక పోయి చూస్తే కణాలు పెంచే ప్లేట్లల్ల ఒక్కటి మిగల్లే. కాలిన పిల్లలకు పెట్టాలని పెంచిన చర్మం సర్ అది. నేనే సంచిల వేసి పారేసిన."

ప్లేట్లు చచ్చిపోతే ఎలా ఉంటుందో ఆ వాకిట్లో ఆమె తరవాత తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"ఇప్పుడు శంకర్‌పల్లిల చేతి తొడుగులకు బొక్కలున్నయా లేవా చూస్త సర్," అంది. "ఆడ కణాలు లేవు. రబ్బరే. కని పర్మనెంట్."

అంజయ్యగారు నా ఫోను వైపు వేలు చూపించారు. "మీ యజమానికి జేయుండ్రి. పిల్లను పర్మనెంట్‌గ తీస్కుంటడా, అడుగుండ్రి. అందరం ఇంటం."

చేశాను. స్పీకరు పెట్టమన్నారు, పెట్టాను. ఛైర్మన్‌గారు మిల్లులో ఉన్నట్టున్నారు, వెనక చప్పుడు వినిపిస్తోంది. "ముందు కాంట్రాక్టు మీద రమ్మనవయ్యా. బాగుంటే తరవాత చూద్దాం," అని పెట్టేశారు.

"బాగుంటే చూస్తడంట," అన్నారు అంజయ్యగారు.

నర్సింలుగారు అప్పటిదాకా ఒక్కమాట మాట్లాడలేదు. లేచి వెళ్లి, స్టూలు మీది పళ్లెం రెండు చేతులా ఎత్తి తెచ్చి, జాకెట్ గుడ్డ సరిచేసి, సుభద్రగారి చేతుల్లో పెట్టారు. "ఏమనుకోకుండ్రి అమ్మా. ఖాయమైనంకనే ఇది ఇంట్లకు తీస్కపోవాలె. మీ సారు రాసిచ్చినంక మల్ల తెండ్రి."

సుభద్రగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడకి కొడుకులు లేరు, ఒక్కతే కూతురు. పళ్లెం వాపసు తీసుకోవడం ఆవిడకి అదే మొదటిసారి.

అదే వాకిట్లో, భోజనాలు

వెళ్లొస్తామని లేచాం. "అన్నం తినకుంట ఏడికి పోతరు?" అన్నారు సత్తెమ్మగారు. మా వైపు సంబంధం బెడిసిన ఇంట్లో మంచినీళ్లు కూడా తాగరు. అదే చెప్పాను. "మాట మాటనే, అన్నం అన్నమే," అన్నారావిడ. జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు. చింతపండు పులుపు నీళ్లలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి వేసే ఈ చారుని వీళ్లు పొయ్యి మీదే పెట్టరు. మా ఆవిడకి చెబితే, కాచకుండా చారేమిటని నమ్మలేదు. నేను మూడుసార్లు పోయించుకున్నాను. మనసు బాగోనప్పుడు నాకు ఆకలెక్కువ.

స్వరూప వడ్డిస్తూ నా దగ్గర ఆగింది. ఎవరికీ వినపడకుండా అడిగింది.

"సర్, మీ ల్యాబ్‌ల ఇంక్యుబేటర్‌కు జనరేటర్ లైన్ ఉన్నదా?"

"ఉందమ్మా."

"కరెంట్ పోతే ఎంతసేపట్ల అందుకుంటది?"

"మనం దీపం వెతుక్కునేలోపు అందుకుంటుంది."

ఆమె తల ఊపి, నా ఆకులో ఇంకో రొట్టె వేసి వెళ్లిపోయింది. రాననే మనిషి జనరేటర్ సంగతి అడగదు. ఆ రొట్టె తినడం నాకు కష్టమైంది.

వెనక్కి

ఈసారి యాదయ్య ఏ ఎకరం ధరా చెప్పకుండా నడిపాడు. స్టేషన్ దగ్గర కిరాయి తీసుకుంటూ, "నా తప్పేమన్న ఉంటే ఏమనుకోకుండ్రి సార్. కని వాళ్లు అడిగింది తప్పు గాదు," అన్నాడు. కాదన్నాను.

రైల్లో పళ్లెం నా ఒళ్లో పెట్టుకున్నాను. కింద పెట్టడానికి మనసొప్పలేదు. ఎదురు సీటు పెద్దాయన గుడ్డ వైపు చూసి, "శుభకార్యమా?" అని అడిగాడు. "వాపసు వచ్చిందండీ," అన్నాను. ఆయన మొహం చిన్నబుచ్చుకుని, తన దగ్గరున్న జంతికల పొట్లం విప్పి మా ఇద్దరికీ పెట్టాడు. తరవాత ఊరొచ్చేదాకా మమ్మల్ని ఏమీ అడగలేదు. ఆ పెద్దాయన మొహం చూశాకే నాకో ఆలోచన వచ్చింది.

ఇంటికి వెళ్లకుండా నేరుగా ఛైర్మన్‌గారి గదికి వెళ్లాం. ఆయన బల్ల మీద, ఫైళ్ల పక్కన, పళ్లెం పెట్టాను.

"ఏమిటిది?"

"మనం పంపిన పళ్లెం సార్. ఆలూరు నుంచి వాపసు వచ్చింది."

ఆయన పంపలేదు. మేము పంపమని అడగనూ లేదు. కానీ ఆయన ఆ సంగతి అనలేదు. గుడ్డ ఎత్తి చూశారు. చామంతులు వాడిపోయాయి, అరటిపళ్లు నల్లబడ్డాయి, కొబ్బరికాయ ఉన్నదున్నట్టే ఉంది. ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసి, ఒక కొడుక్కి సంబంధాలు చూస్తున్న మనిషి. చాలాసేపు పళ్లెం వైపే చూశారు.

"ఎంతమంది ముందు?"

"ఊరంతా ఉందండీ," అన్నారు సుభద్రగారు. "మీ మాట కూడా విన్నారు. స్పీకర్లో."

ఆయన మొహం మాడిపోయింది. "మన యూనివర్సిటీ పళ్లెం తిప్పి పంపిస్తారా?" అన్నారు. నేను బ్రేకు రోజు గురించీ, గేటు దగ్గర ఆగిపోయిన ఆ అమ్మాయి గురించీ, సంచిలో పారేసిన చర్మం గురించీ చెప్పాను. పూర్తిగా విన్నారు. పళ్లెం మాత్రమే ఆయన్ని కదిలించిందనడం అన్యాయం. కానీ పళ్లెం లేకుండా అంతసేపు వినేవారు కాదు.

రిజిస్ట్రార్‌ని పిలిపించి, రెగ్యులర్ పోస్టుగా ఆర్డరు రాయించి సంతకం పెట్టారు. పెట్టాక పళ్లెంలోంచి ఒక బత్తాయి తీసి, "ఇవి ఇప్పుడు తినొచ్చా?" అని అడిగారు.

"అటునుంచి కబురు రానివ్వండి సార్," అన్నారు సుభద్రగారు. ఆయన బత్తాయి తిరిగి పళ్లెంలో పెట్టేశారు.

ఆర్డరు ఫోటో తీసి స్వరూపకి పంపాను. గంట దాకా జవాబు లేదు. ఆ గంటసేపూ వరండాలో తిరిగాను. తరవాత మెసేజ్ వచ్చింది.

"సర్, వస్తున్న. ఆదివారం పెద్దబాపు, బాపు మీ దగ్గరికి ల్యాబ్ చూస్తందుకు వస్తరు, ఆడపిల్లోళ్లు ఇల్లు చూసుడు మా దిక్కు రివాజు. ఇంక్యుబేటర్ ఈ రోజే ఆన్ చెయ్యండి సర్. నేను వచ్చేవరకు వేడి నిలకడ కావాలె."

ల్యాబ్ తాళం తీశాను. మనిషి లేని ఇన్నాళ్లలో ఇంక్యుబేటర్ మీద ఎవరో ప్లాస్టిక్ పూలకుండీ పెట్టారు. అది తీసి కింద పెట్టి, లోపల అరలన్నీ స్పిరిట్‌తో తుడిచి, స్విచ్ వేశాను. మన ఒంటి వేడి ఎంతో అంత చూపించేదాకా అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాను.